మీ పేరున ఒక చెవి

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా రోజులైనా, నాతో ఫోన్‌లో మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఫోన్‌ను చెవికి కొంచెం దూరంగానే పట్టుకుంటారు. "మెల్లగా మాట్లాడమ్మా, పక్కింట్లోకి వినపడుతోంది" అంటుంది నా కూతురు. బండల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషిని. అక్కడ మెల్లగా చెప్పిన మాట ఎవరికీ చేరదు. అరిచి అరిచి నా గొంతే అట్లా అయిపోయింది.

కంపెనీల్లో ఉద్యోగాలకు చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. ఈ మధ్య ఒకమ్మాయి వచ్చింది. వాళ్ల కంపెనీ ఈసారి పండక్కి స్టాఫ్‌కూ కస్టమర్లకూ గిఫ్టులు మానేసి, వాళ్ల పేరు మీద ఎక్కడో విరాళం ఇవ్వబోతోందట. ఆ పని తనకే అప్పజెప్పారని మొహం వెలిగిపోతూ చెప్పింది. "మంచి ఆలోచనే కదా మేడమ్?" అంది. మంచి ఆలోచనే. మాది కూడా మంచి ఆలోచనే. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీ కడప నుంచి మైదుకూరు పోయే రోడ్డుకు లోపలగా ఉండేది. నల్లబండలు తెచ్చి, కోసి, అద్దంలా పాలిష్ పట్టి బెంగళూరుకూ, చెన్నైకూ, ఓడల మీద బయటి దేశాలకూ పంపేవాళ్లం. నేను వెల్ఫేర్ ఆఫీసర్ని. పేరు పెద్దదే. పని మాత్రం క్యాంటీన్లో టీ పలచగా ఉందంటే చూడటం, పీఎఫ్ కాగితాలు నింపిపెట్టడం, ఎవరికన్నా దెబ్బ తగిలితే ఆటోలో వేసుకుని కడప ఆసుపత్రికి పోవడం. మా నాయన చేలల్లో కూలిపని చేసినవాడు. చర్చి వాళ్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. కూలివాళ్ల తరఫున మాట్లాడే కుర్చీ దొరికిందని మొదట్లో శానా మురిసిపోయాను.

ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన మైదుకూరు బజార్లో ఇనుప సామాన్ల అంగడి నడిపిన కుటుంబం నుంచి వచ్చాడు. ప్రతి దీపావళికీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు తన చేత్తో ఇచ్చేవాడు. ఒక ఏడు స్టీలు బిందె, ఒక ఏడు టిఫిన్ క్యారియరు, ఒక ఏడు రగ్గు. ఇస్తూ ఇస్తూ పిల్లలెట్లుండారని అడిగేవాడు. అట్లని దేవుడేం కాదు. ఓవర్‌టైమ్ మాటెత్తితే ఆ రోజుకు ఆయనకే చెవుడు వచ్చేది. కానీ ఆ బిందెలు ఇప్పటికీ మా కూలోళ్ల ఇళ్లలో నీళ్లు మోస్తున్నాయి.

ఆయన మంచాన పడ్డాక కొడుకు వచ్చాడు. అందరూ చిన్న సారు అనేవాళ్లు. బెంగళూరులో చదువుకుని, అక్కడే కొన్నాళ్లు పెద్ద కంపెనీలో చేసి వచ్చిన మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవడు. క్యాంటీన్లో మాతో పాటే కూర్చుని సంగటి తినేవాడు. ఆయన చెడ్డవాడని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. చెడ్డవాడైతే రాయాల్సినంత కథ ఉండేది కాదు.

ఆ ఏడు దీపావళికి ముందు నన్ను పిలిచి, "మేడమ్, ఈ స్టీలు సామాన్లు, క్లయింట్లకు డ్రైఫ్రూట్ డబ్బాలు, ఇదంతా వృథా. ఆ డబ్బుతో చెవులు వినపడని పిల్లలకు మిషన్లు కొనిద్దాం. క్లయింట్ల పేరున కొన్ని, మన స్టాఫ్ పేరున కొన్ని. అందరికీ ఒక్కో కార్డు ఇద్దాం" అన్నాడు. కర్నూలులో ఉన్న బధిరుల బడితో అప్పటికే మాట్లాడి వచ్చాడు. పిల్లల ఫొటోలు నాకు చూపిస్తూ ఒక్కొక్కరి పేరూ చెప్పాడు.

నేను ఒక్కటే అడిగాను. "స్టాఫ్‌ను ఒకమాట అడుగుదామా సార్?"

"సర్‌ప్రైజ్‌గా ఉండాలి మేడమ్" అన్నాడు.

సర్‌ప్రైజ్‌గానే ఉండింది. మందంగా, నునుపుగా ఉన్న కార్డు. మీద ఒక పాప నవ్వుతున్న ఫొటో. కింద 'ఈ దీపావళికి మీ పేరున ఒక చిన్నారి వింటోంది' అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. పంచేది నేనే కాబట్టి మాటలు పడింది కూడా నేనే.

పాలిష్ షెడ్‌లో ఒకాయన కార్డును ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. "దీంతో యాడికన్నా పోతే ఏమన్నా ఇస్తారా మేడమ్?"

"లేదప్పా. నీ పేరు మీద దానం చేసినారు."

"నా పేరు మీదనా? నన్ను అడగల్యా కదా."

పక్కనున్నాయన అందుకున్నాడు. "దానం సారుది, పేరు మనది, బిందె ల్యాకపాయె. ఇంటికి పోయి ఆడోళ్లకు ఏం చెప్పాల్నో అది కూడా ఈ కార్డు మీద రాసింటే బాగుండు."

నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాత్రం గొణుగుడు ప్రతి పండక్కీ ఉండేదే, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అనుకున్నాను.

ఇక్కడ కటింగ్ షెడ్ గురించి రోంత చెప్పాలి. పెద్ద బండను రంపం మిషన్ కింద పెట్టి కోస్తారు. ఆ చప్పుడు చెప్తే తెలిసేది కాదు. లోపలికి అడుగుపెడితే పళ్లు జివ్వుమంటాయి. చెవుల్లో పెట్టుకోవడానికి నారింజ రంగు రబ్బరు బిరడాలు ఇచ్చేవాళ్లం. ఎవరూ పెట్టుకునేవాళ్లు కారు. అవి పెట్టుకుంటే పైన బండ జారుతోందని పక్కవాడు అరిచినా వినపడదు. ప్రాణమా, చెవా అంటే ఎవరైనా ప్రాణమే అంటారు. బిరడాలు మెళ్లో దండల్లాగా వేలాడుతుండేవి.

ఆ షెడ్‌కు ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. మీసాలు నెరిసి, చేతులు బండల మాదిరే గట్టిపడిన మనిషి. నోరు మూసేవాడు కాదు. ఎదురుపడితే చాలు, పొద్దున తిన్న చట్నీ దగ్గర మొదలుపెట్టి వాళ్ల ఊరి వాన దాకా చెప్పుకుంటూ పోయేవాడు, మనకు సందు ఇవ్వడు. వాగుడు మనిషి అనుకునేదాన్ని. తను మాట్లాడుతున్నంతసేపు ఎదుటివాళ్ల మాట వినాల్సిన అవసరం రాదని, అందుకే ఆపడం లేదని నాకు శానా ఆలస్యంగా అర్థమైంది.

అర్థమయ్యేట్టు చెప్పింది ఆయన భార్య. మా క్యాంటీన్లో వంట ఆమెదే. ఒకరోజు కూరగాయలు తరుగుతూ అంది. "ఇంట్లో పిలిస్తే పలకడు మేడమ్. నేల మీద కాలితో తంతే ఆ అదురు తగిలి తిరుగుతాడు. నేనేదో కోపంగా తంతాండా అనుకుంటాడు. మొగుణ్ని పిలిచేదానికి నేల తన్నే పెండ్లాం ఊర్లో నేనొక్కదాన్నే."

షెడ్‌లో అందరికీ చెవుల పరీక్ష చేయించాలని నేను మేనేజరును అడగని సంవత్సరం లేదు. మేనేజరు వేరే ఫ్యాక్టరీల్లో నలిగి వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడడు, కాగితం మీద ఏదీ కాదనడు. "చేయిద్దాంలేమ్మా" అనేవాడు. ఒకసారి మాత్రం మనసులో మాట చెప్పాడు. "పరీక్ష చేయించి ఏమీ లేదని తేలితే ఖర్చు దండగ. ఉందని తేలితే అంతకన్నా దండగ. బిరడాలు ఇచ్చినాం. సంతకాలు తీసుకున్నాం. ఇంకేం చేయాల?"

దీపావళికి రెండు రోజుల ముందు ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. కర్నూలు నుంచి పిల్లలు బస్సులో వచ్చారు. వాళ్లతో పాటు మిషన్లు చెవులకు సరిచేసి పెట్టడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, నా కూతురి వయసుది. మా దగ్గర ఎక్కువ సరుకు కొనే విదేశీ దంపతులు కూడా వచ్చారు. ముందురోజు వాళ్లను గండికోట చూపించడానికి తీసుకుపోయారు. ఎండకు ఆమె ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉంది.

ఒక్కో పిల్లనూ ముందుకు పిలిచి చెవికి మిషన్ పెట్టింది డాక్టరమ్మ. ఒక చిన్న పాప వంతు వచ్చింది, రెండు జడలు, రిబ్బన్లు. మిషన్ పెట్టి వెనకనుంచి గంట మోగించింది. పాప గిరుక్కున తిరిగి గంట కేసి చూసి, మళ్లీ మోగించమని చెయ్యి ఆడించింది. విదేశీ ఆమె కళ్లు తుడుచుకుంది. చిన్న సారు తల దించుకున్నాడు. నేనూ ఏడ్చాను. ఆ పూటలో అబద్ధం ఏమీ లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత మేనేజరు అతిథులకు కొత్త రంపం మిషన్ చూపించాలని షెడ్‌కు సైగ చేశాడు. షామియానాకూ షెడ్‌కూ మధ్య రేకుల గోడ తప్ప ఏమీ లేదు. ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆ చప్పుడు మాకు చప్పుడు కాదు కదా.

మిషన్లు మొదలయ్యాయి. వరసగా కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారి అరిచారు. వాళ్ల అరుపు మామూలు పిల్లల అరుపులా ఉండదు. గొంతులోనుంచి కాకుండా ఇంకెక్కడినుంచో వచ్చింది. చెవుల్లోవి పీకి పారేస్తున్నారు. జడల పాప కుర్చీ కింద దూరింది. డాక్టరమ్మ "ఆపండి, ఆపండి" అంటూ షెడ్ వైపు చెయ్యి ఊపుతోంది. ఆమె మాట పక్కనున్న నాకే వినపడలేదు.

నేను షెడ్‌లోకి పరిగెత్తాను. పెద్ద మేస్త్రీ మిషన్ దగ్గర ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"ఏం మేడమ్, సార్లు వస్తాండారా?"

రెండు చేతులూ ఊపి, గొంతు కోసుకున్నట్టు సైగ చేస్తే గానీ ఆయనకు తెలియలేదు.

మిషన్లు ఆగాయి. పిల్లల ఏడుపు ఒక్కటే మిగిలింది. డాక్టరమ్మ చిన్న సారు ముందుకు వచ్చి నిలబడింది. "సార్, రోజూ ఈ చప్పుట్లోనే పని చేస్తారా వీళ్లు? వీళ్లకెప్పుడైనా పరీక్షలు చేయించారా?"

చిన్న సారు మేనేజరును చూశాడు. మేనేజరు నన్ను చూశాడు. నేను నోరు తెరిచేలోపు, వడల పళ్లెం పట్టుకుని నిలబడిన క్యాంటీన్ ఆమె ఆ పళ్లెం బల్ల మీద పెట్టేసింది. షెడ్‌లోకి పోయి మొగుణ్ని మణికట్టు పట్టుకుని తెచ్చి, పిల్లలు కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఈయప్పకు చూడమ్మా" అంది డాక్టరమ్మతో. "పిల్లోళ్లకు చూసినట్టే చూడు."

ఆయనకు ఏం జరుగుతోందో తెలియలేదు. తెలియనప్పుడు ఏం చేస్తాడో అదే చేశాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ కుర్చీ బాగుండాదమ్మా, మా బండలు చూస్తివా, ఇట్లాటి నలుపు ఇంగ యాడా దొరకదు... వెనకనుంచి గంట మోగింది. ఆయన బండల గురించి చెబుతూనే ఉన్నాడు. ఇంకా దగ్గరగా మోగింది. చెబుతూనే ఉన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, మళ్లీ ఆపేశారు. కుర్చీ కిందనుంచి బయటికొచ్చిన జడల పాప ఆయన మోకాలి మీద తట్టి, వెనక్కి చూడమని వేలు చూపించింది.

ఆయన తిరిగి గంటను చూశాడు. మమ్మల్ని చూశాడు. మాట ఆపేశాడు. ఆ మనిషి నోరు ఆగిపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

డాక్టరమ్మ పెట్టెలో మిగిలిన మిషన్ ఒకటి ఉంటే తీసి ఆయన చెవికి సరిచేసింది. భార్య ఎప్పటి అలవాటు ప్రకారం గొంతు చించుకుని అడిగింది. "వినపడతాందా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎందుకే అట్ల అరుస్తావు, పక్కనే ఉండా కదా" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. ఆమె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. చిన్న సారు వచ్చి ఆయన్ను వాటేసుకున్నాడు. ఈ మిషన్ కంపెనీ తరఫున ఆయనకు దీపావళి కానుక అని మైకులో చెప్పాడు. విదేశీ దంపతులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, ఇన్నేళ్లుగా నేను అడిగిన పని ఇట్లా జరగబోతోందన్నమాట అనుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

పండగ సెలవులు అయిపోయి షెడ్ తెరిచిన రోజు మేనేజరు పిలిచాడు. మేస్త్రీ చెవుల గురించి డాక్టరమ్మ ఆ రోజు రాసిచ్చిన చీటీ ఆయన ముందు ఉంది.

"మేస్త్రీని రంపం మీదనుంచి తీసేస్తాండా. యార్డులో బండలు కడిగి ప్యాకింగ్ చేస్తాడు."

"ఎందుకు సార్? ఇప్పుడు వినపడతాంది కదా ఆయనకు."

"ఆ మిషన్ పెట్టుకుని రంపం దగ్గర నిలబడగలడా? పిల్లోళ్లు ఎట్ల అరిచినారో చూస్తివి కదా. తీసేసి నిలబడితే క్రేన్ హారన్ ఇనపడదు. నిన్నటిదాకా మనకు తెల్దు. ఇప్పుడు డాక్టరే రాసిచ్చింది. తెలిసి తెలిసి ఆడ నిలబెట్టి, రేపు బండ మీద పడితే జైలుకు ఎవరు పోవాల? నువ్వా, నేనా?"

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. నా కడుపుమంట అంతా అక్కడే. చిన్న సారు దగ్గరికి పోతే ఆయనా అదే అన్నాడు, ఇంకొంచెం మర్యాదగా. "ఆయన సేఫ్టీ కోసమే మేడమ్. కొన్నాళ్లు చూద్దాం."

ఇది పని వల్ల వచ్చిన జబ్బు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాద్దాం, చట్టప్రకారం నీకు రావాల్సింది వస్తుంది అని మేస్త్రీకి చెప్పాను. చెవిలో మిషన్ ఉంది కాబట్టి మామూలుగానే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కేసులొద్దు మేడమ్. కేసు తేలేలోపల నేను పోతా. ఆయమ్మ క్యాంటీన్ పని కూడా పోతాది. నా రంపం మిషన్ నాకిప్పిస్తే శాలు."

షెడ్‌కు పెద్ద అయిన మనిషి, పైపు పట్టుకుని బండలు కడిగాడు. నిన్నటిదాకా ఆయన చేత తిట్లు తిన్న పిల్లగాళ్లు ఆయన మిషన్ నడుపుతుంటే, వాళ్లు కోసిన బండలకే గడ్డి చుట్టాడు. జీతం తగ్గింది. ఆ మాట ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. మాట్లాడటమే తగ్గిపోయింది. ఇప్పుడు వినపడుతోంది కాబట్టి మాట్లాడాల్సిన పని లేదు, అంతేనేమో.

కొత్త సంవత్సరం వచ్చింది. కస్టమర్లకు పోయే ప్రతి చెక్కపెట్టెలో ఒక కార్డు పెట్టమని ఆఫీసు నుంచి కట్టలు పంపారు. నేను యార్డులోకి పోయేసరికి మేస్త్రీ ఒక కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని మీద ఉన్నది ఆయన ఫొటోనే. కుర్చీలో కూర్చుని, చెవిలో మిషన్‌తో, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. రాసింది మాత్రం ఇంగ్లీషులో.

"ఏం రాసినారు మేడమ్ దీంట్లో?"

చదివి చెప్పాను. "మాతో మీరు చేసే వ్యాపారం వల్ల ఒక కార్మికుడు మళ్లీ వింటున్నాడు, అని."

ఆయన కాసేపు ఫొటోను చూశాడు. "ఏం వింటాండాడో రాయల్యా?" అన్నాడు. కార్డును గడ్డిలో పెట్టి, పెట్టె మూత మూసి, మేకు అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే నన్ను తోడు రమ్మని చిన్న సారు గదికి పోయాడు. చెవిలోనుంచి మిషన్ తీసి, తువ్వాలుతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"సార్, మీ చెవి మీరు తీస్కోండి. నా మిషన్ నాకియ్యండి."

చిన్న సారు మొహం తెల్లబోయింది. "ఇది మీకు ప్రేమతో ఇచ్చిన గిఫ్ట్ అండీ. వెనక్కి ఎలా తీసుకుంటాను?"

మిషన్ బల్ల మీద ఉంది. మేస్త్రీకి ఆ మాట చేరలేదు. ఏమన్నాడని నా కేసి చూశాడు. నేను ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. ప్రేమతో ఇచ్చిందంట, తీసుకోరంట అని అరిచాను. ఆ గదిలో, ఆ ఏసీ చల్లదనంలో, ఆ మాట అరవడం కన్నా అవమానం నా ఉద్యోగం మొత్తంలో నాకు జరగలేదు.

ఆయన సరేనని తలూపి లేచాడు. దాన్ని అక్కడే వదిలి వచ్చేశాడు. మరుసటి వారం నుంచి పనికి రాలేదు. బేతంచెర్ల వైపు చిన్న రంపం షెడ్‌లో చేరాడని తెలిసింది. అక్కడ చెవుల సంగతి ఎవరూ అడగరు. కాళ్ల సంగతీ, చేతుల సంగతీ కూడా అడగరు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు.

భార్య మాత్రం మా క్యాంటీన్లోనే ఉండిపోయింది. నాతో మాట్లాడటం తగ్గించింది. ఒకరోజు నేనే పోయి పక్కన కూర్చుంటే, గంజి వారుస్తూ, నన్ను చూడకుండా అంది. "ఆ కుర్చీలో నేనే కూచ్చోబెట్టినా మేడమ్. ఈ చేత్తోనే పట్టుకోనొచ్చినా. ఎవుర్ని అనాల?"

నన్నో చిన్న సారునో అనుంటే నాకు తేలికగా ఉండేది.

చిన్న సారుకు మేస్త్రీ వెళ్లిపోవడం గట్టిగానే తగిలింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా అని కొన్ని రోజులు తిరిగాడు. చివరకు నన్ను పిలిచి, "మేడమ్, మీరు ఎప్పటినుంచో అడుగుతున్నారట. షెడ్‌లో అందరికీ పరీక్షలు చేయిద్దాం. ఒక్కరు కూడా తప్పకూడదు" అన్నాడు. మేనేజరు ఈసారి అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు పరీక్ష రోజు దాకా తెలియలేదు.

షెడ్‌లో సంగతి చెప్పగానే ఒక్కొక్కడూ ఒకటే పాట.

"నాకు బాగా ఇనపడతాది మేడమ్."

"మా ఇంట్లో బల్లి అరిచినా ఇనపడతాది."

"మేస్త్రీ ముసిలోడు, ఆయప్పకు వయసుకొచ్చింది. మాకేం రోగం?"

వాళ్లు మేస్త్రీని చూశారు. కుర్చీలో కూర్చున్న మనిషి పైపు పట్టుకోవడం, తర్వాత ఊరు వదలడం చూశారు. కంపెనీ ఇచ్చే కానుక ఏమిటో వాళ్లకు ఇప్పుడు బాగా తెలుసు.

అదే డాక్టరమ్మ వ్యాన్‌లో వచ్చింది. లోపల ఒక కుర్చీ, చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లు, ఆమె ముందు ఒక మిషన్. ఆమె మీట నొక్కితే చెవిలో చిన్న కూత వస్తుంది. వినపడితే వేలు ఎత్తాలి. అంతే పరీక్ష. గాలి ఆడటానికి వ్యాన్ వెనక తలుపు తెరిచిపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగుతున్నారు. నేను వ్యాన్ పక్కన నిలబడి ఉన్నాను. చెవిలో పెద్దగా అరిస్తే తప్ప పలకనివాళ్లు కూడా టకటకా వేళ్లు ఎత్తుతున్నారు.

అప్పుడు చూశాను. తలుపు బయట, డాక్టరమ్మ వీపు వెనక, తర్వాత ఎక్కాల్సిన మనిషి బీడీ తాగుతున్నట్టు నిలబడి ఉన్నాడు. ఆమె వేలు మీట మీద పడగానే ఇతను కళ్లు మూసి తెరుస్తున్నాడు. కుర్చీలో ఉన్న మనిషి వేలు ఎత్తుతున్నాడు. ఆ మనిషి దిగి, ఇతను ఎక్కి, ఇంకొకడు వచ్చి ఆ చోట నిలబడుతున్నాడు. ఎవరూ తొందరపడటం లేదు. ఎంత బాగా కలిసి పని చేస్తున్నారంటే, ఈ షెడ్‌ను ఎప్పుడూ ఇంత పొందికగా చూడలేదు నేను.

కాసేపటికి డాక్టరమ్మ దిగి వచ్చింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లగా అంది. "వాళ్లు వినడం లేదు మేడమ్. చూస్తున్నారు."

"తెలుసమ్మా" అన్నాను.

"కుర్చీ అటువైపు తిప్పితే అయిపోతుంది. తిప్పమంటారా?"

ఎన్నో ఏళ్లు నేను అడిగిన పరీక్ష అది. కుర్చీ తిప్పితే నిజం తేలుతుంది. తేలిన మరుసటి రోజు మేనేజరు ఏం చేస్తాడో నాకు కంఠతా వచ్చు. తిప్పకపోతే వీళ్లందరికీ చెవులు భేషుగ్గా ఉన్నాయని కాగితం పుడుతుంది. ఇంక ఎప్పుడన్నా ఎవడన్నా నోరు తెరిచి అడిగితే అదే కాగితం వాడి మొహాన కొడతారు. మేనేజరు ఎందుకు అడ్డం చెప్పలేదో అప్పుడు తెలిసింది. ఉందని తేలితే యార్డుకు తోసేయొచ్చని మేస్త్రీతోనే నేర్చుకున్నాడు, ఏది తేలినా ఇంక ఆయనకు నష్టం లేదు.

అది నా చెవి కాదు. ఉద్యోగమూ నాది కాదు. వాళ్ల దగ్గరికే పోయాను. షెడ్ పక్క నీడలో అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, వినపడేట్టు అరుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. "డాక్టరమ్మకు తెలిసిపోయింది. కుర్చీ తిప్పితే మీకు వినపడేది లేదని తేలుతుంది. కేసేసి గెలిస్తే ఏమన్నా రావచ్చు, ఎప్పటికో. తిప్పకపోతే మీ జబ్బు ఇంక ఎప్పటికీ లేనట్టే. ఏం చేద్దాం?"

వాళ్లలో పెద్దవాడు, మేస్త్రీ తర్వాత ఆ మిషన్ ఎక్కినవాడు, కింద చూస్తూ అన్నాడు. "ఎప్పటికో వచ్చేదానికి ఇప్పుడుండేది వదులుకుంటామా మేడమ్? తిప్పొద్దని చెప్పండి ఆయమ్మకు."

ఇంకెవరూ వేరే మాట అనలేదు.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. తర్వాత మళ్లీ వ్యాన్ ఎక్కింది. తలుపు మూయలేదు. మిగిలినవాళ్లకు మీట నొక్కేటప్పుడు, బయట నిలబడినవాళ్లకు బాగా కనపడేట్టు చెయ్యి రోంత పైకెత్తి నొక్కింది. సాయంత్రం పోతూ నాతో మాట్లాడలేదు. మా కంపెనీ పనికి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

రిపోర్టు వచ్చిన రోజు చిన్న సారు కాగితం పట్టుకుని స్వయంగా షెడ్‌కు వచ్చాడు. మేస్త్రీ సంగతి ఆయన గుండె మీద బరువుగా ఉండింది, ఆ బరువు దిగిపోయిన మొహం. మిషన్లు ఆపించాడు. ఆపినా అటుపక్క పాలిష్ షెడ్ చప్పుడు వస్తూనే ఉంది. ఆయన ఎప్పటిలాగే మర్యాదగా, మెల్లగా మాట్లాడాడు. మీ అందరి ఆరోగ్యం బాగుందని తెలిసి చాలా సంతోషంగా ఉందన్నాడు. ఇది మన కంపెనీకి గర్వకారణం అన్నాడు. క్లయింట్లకు కూడా ఈ సంగతి రాస్తున్నామన్నాడు. అందరూ ఆయన పెదవులనే చూస్తూ, ఆయన నవ్వినప్పుడు నవ్వుతూ, తలలూపారు. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు.

పెద్దవాడు నా దగ్గరికి వచ్చాడు. "ఏమన్యాడు మేడమ్ సారు?"

నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "మీకందరికీ బాగా వినపడతాదంట."

ఆయన నవ్వలేదు.

"మంచిదే" అని పోయి మిషన్ ఆన్ చేశాడు.